పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంటు

పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంటు అనగా పైథాన్ భాషలో రాసే ఒక్కొక్క ప్రాజెక్టుకు విడివిడిగా ఏర్పరచుకునే ప్రోగ్రామింగు పరిసరం. ఒక ప్రాజెక్టుకు అవసరమైన లైబ్రరీలన్నీ దానికి కేటాయించిన ఫోల్డరులోనే ఉంటాయి. అదే కంప్యూటరులోని ఇతర ప్రాజెక్టుల లైబ్రరీలతో గానీ, ఆపరేటింగు సిస్టము తన పనులకు వాడుకునే పైథాన్‌తో గానీ అవి కలిసిపోవు. ఒక ప్రోగ్రాము తన పని కోసం ఆధారపడే ఇతర లైబ్రరీలను డిపెండెన్సీలు అంటారు. ఈ డిపెండెన్సీలను దించుకొని, సరైన చోట ఇన్‌స్టాలు చేసే సాధనం పేరు పిప్. పరిసరాన్ని ఏర్పరచడం, డిపెండెన్సీలను ఇన్‌స్టాలు చేయడం, వాటి జాబితాను భద్రపరచడం అనే మూడు పనులు కలిస్తేనే ఒకరు రాసిన ప్రోగ్రాము మరొకరి కంప్యూటరులో కూడా అదే విధంగా పనిచేస్తుంది.

ఈ వ్యాసంలో ఆదేశాలు, ఫైళ్ల పేర్లు ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. కంప్యూటరులో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయవలసి ఉంటుంది.

అవసరం

పైథాన్‌తో పాటు వచ్చే ప్రామాణిక లైబ్రరీ చాలా విస్తృతమైనది. అయినప్పటికీ గణాంకాల లెక్కలు, చిత్రాల సవరణ, వెబ్‌సైట్ల నిర్మాణం వంటి పనులకు ప్రోగ్రామర్లు ఇతరులు రాసిన లైబ్రరీలనే ఎక్కువగా ఆశ్రయిస్తారు. ఒక లైబ్రరీ మరికొన్ని లైబ్రరీల మీద, అవి ఇంకొన్నిటి మీద ఆధారపడి ఉండవచ్చు. కాబట్టి ఒక్క లైబ్రరీని కోరినా, దాని వెంట పదో ఇరవయ్యో లైబ్రరీలు రావడం సాధారణమే.

ఒక పైథాన్ ఇన్‌స్టలేషనులో ఒక లైబ్రరీకి ఒకే వెర్షను ఉండగలదు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. రెండేళ్ల క్రితం రాసిన ప్రాజెక్టుకు ఒక లైబ్రరీ పాత వెర్షను అవసరం కావచ్చు, ఇప్పుడు మొదలుపెట్టిన ప్రాజెక్టుకు అదే లైబ్రరీ కొత్త వెర్షను కావలసి రావచ్చు. రెండింటికీ ఒకే పరిసరం ఉన్నట్లయితే, కొత్త వెర్షనును ఇన్‌స్టాలు చేయగానే పాతది తొలగిపోతుంది. దానితో అప్పటివరకు పనిచేస్తున్న పాత ప్రాజెక్టు, దానిలో ఒక్క అక్షరం మార్చకపోయినా, ఆగిపోతుంది.

దీనికి ఉదాహరణగా నమ్‌పై లైబ్రరీని చెప్పవచ్చు. సంఖ్యల పట్టికలతో లెక్కలు చేసే ఈ లైబ్రరీ 1.0 వెర్షను 2006లో వెలువడింది. 2.0 వెర్షను 2024 జూన్‌లో విడుదలైంది. పాత నమ్‌పై కోసం కంపైలు చేసిన అనేక ఇతర లైబ్రరీలు కొత్త నమ్‌పైతో పనిచేయలేదు. తమ జాబితాలో వెర్షను సంఖ్య లేకుండా కేవలం నమ్‌పై అని మాత్రమే రాసుకున్నవారికి ఆ నెల నుండి కొత్త వెర్షను వచ్చి, ప్రోగ్రాములు మొరాయించాయి. సంఖ్యను స్పష్టంగా రాసుకున్నవారికి ఏ ఇబ్బందీ కలగలేదు.

విద్యార్థులకు ఈ సమస్య మరో రూపంలో ఎదురవుతుంది. ఇంట్లోని కంప్యూటరులో చక్కగా నడిచిన ప్రాజెక్టు కళాశాల ప్రయోగశాలలో పరీక్షకుల ముందు నడవదు. ప్రోగ్రాము తప్పు కాకపోయినా, రెండు చోట్ల పరిసరాలు వేరు కావడమే ఇందుకు కారణం. శాస్త్ర పరిశోధనలో ఇది మరింత తీవ్రమైన విషయం. ఏ వెర్షన్లతో లెక్క కట్టారో నమోదు చేయకపోతే, ప్రచురించిన ఫలితాన్ని మరొకరు సరిచూడటం కష్టమవుతుంది.

చరిత్ర

పైథాన్ భాషను నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ రూపొందించాడు. దీని మొదటి బహిరంగ విడుదల 1991లో జరిగింది. తొలి సంవత్సరాలలో ఇతరుల లైబ్రరీలను ఇన్‌స్టాలు చేయడానికి ఒక నిర్దిష్ట పద్ధతి లేదు. 2000లో డిస్ట్‌యుటిల్స్ అనే భాగం పైథాన్‌లో చేరింది. దానితో లైబ్రరీలను ఒక పద్ధతి ప్రకారం పొట్లం కట్టడం సాధ్యమైంది. ఇలా పొట్లం కట్టిన సాఫ్టువేరును ప్యాకేజీ అంటారు. డిస్ట్‌యుటిల్స్ కాలం చెల్లినదై, 2023లో వచ్చిన పైథాన్ 3.12 నుండి తొలగించబడింది.

2003లో పైథాన్ ప్యాకేజీ ఇండెక్సు ప్రారంభమైంది. దీనిని సంక్షిప్తంగా పైపీఐ అంటారు. ప్రపంచంలో ఎవరైనా తమ ప్యాకేజీని ఇక్కడ ఎక్కించవచ్చు, ఎవరైనా దించుకోవచ్చు. 2004లో వచ్చిన సెటప్‌టూల్స్, ఒక ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీలను తానే వెతికి తెచ్చే సౌకర్యాన్ని కల్పించింది. ఇయాన్ బికింగ్ 2007లో వర్చువల్‌ఎన్వ్ అనే సాధనాన్ని, 2008లో పిప్‌ను వెలువరించాడు. నేటి పద్ధతికి ఈ రెండే పునాదులు.

2012లో విడుదలైన పైథాన్ 3.3తో వర్చువల్ ఎన్విరాన్‌మెంటు సౌకర్యం వెన్వ్ అనే పేరుతో భాషలోనే అంతర్భాగమైంది. 2014లో వచ్చిన పైథాన్ 3.4 నుండి పిప్ కూడా పైథాన్‌తో కలిసి రావడం మొదలైంది. అందువలన ఇప్పుడు ఈ రెండింటినీ ప్రత్యేకంగా వెతికి తెచ్చుకోవలసిన అవసరం చాలావరకు లేదు. 2020 నవంబరులో విడుదలైన పిప్ 20.3లో డిపెండెన్సీల మధ్య వైరుధ్యాలను పరిష్కరించే భాగాన్ని పూర్తిగా మార్చారు. అంతకుముందు రెండు ప్యాకేజీలు ఒకే లైబ్రరీకి పరస్పరం పొసగని వెర్షన్లను కోరినపుడు, పిప్ ముందుగా కనిపించిన కోరికను మాత్రమే తీర్చి ఊరుకునేది. ఈ మార్పు తరువాత, అందరికీ పొసగే కలయిక దొరికేవరకు వెతుకుతుంది. దొరకకపోతే ఆ సంగతి చెప్పి ఆగిపోతుంది.

పనిచేసే విధానం

వర్చువల్ ఎన్విరాన్‌మెంటు పేరులో వర్చువల్ అన్న మాట ఉన్నప్పటికీ, ఇది కంప్యూటరులో మరొక కంప్యూటరును సృష్టించదు. ఇది కేవలం ఒక ఫోల్డరు. దీనిలో ముఖ్యంగా మూడు అంశాలు ఉంటాయి. మొదటిది పైథాన్ ఇంటర్‌ప్రిటరును పిలిచే ఫైలు. లినక్సులో ఇది సాధారణంగా అసలు పైథాన్‌కు ఒక లంకె మాత్రమే. రెండవది సైట్-ప్యాకేజెస్ అనే ఫోల్డరు. ఇన్‌స్టాలు చేసే లైబ్రరీలన్నీ ఇందులోకి చేరతాయి. మూడవది పైవెన్వ్.సీఎఫ్‌జీ అనే చిన్న ఫైలు. అసలు పైథాన్ ఎక్కడ ఉన్నదో ఇందులో రాసి ఉంటుంది.

పైథాన్ మొదలైనపుడు తన పక్కన గానీ, ఒక మెట్టు పైనున్న ఫోల్డరులో గానీ ఆ చిన్న ఫైలు ఉన్నదా అని చూస్తుంది. ఉన్నట్లయితే, ఇతరుల లైబ్రరీలను ఆ పరిసరంలోని సైట్-ప్యాకేజెస్‌లో వెతుకుతుంది. ప్రామాణిక లైబ్రరీని మాత్రం అసలు పైథాన్ నుండే తీసుకుంటుంది. ఈ చిన్న ఏర్పాటు వలననే పరిసరాలు విడివిడిగా నిలుస్తున్నాయి.

పరిసరాన్ని క్రియాశీలం చేయడం అనే మాట తరచుగా వినబడుతుంది. క్రియాశీలం చేసినపుడు ముఖ్యంగా జరిగేది ఒకటే. ఆదేశాలను ఏ ఫోల్డర్లలో వెతకాలో సూచించే పాత్ అనే జాబితాలో, ఈ పరిసరపు ఫోల్డరు అన్నిటికంటే ముందు చేరుతుంది. అందువలన ఆ టెర్మినల్‌లో పైథాన్ అని టైపు చేస్తే ఈ పరిసరపు పైథానే పలుకుతుంది. వేరే టెర్మినల్ కిటికీ తెరిస్తే అక్కడ ఈ మార్పు ఉండదు. కొత్తగా నేర్చుకునేవారు దీనిని మరచిపోయి, ఒక చోట ఇన్‌స్టాలు చేసి మరొక చోట ప్రోగ్రాము నడిపి, లైబ్రరీ దొరకడం లేదని కంగారు పడుతుంటారు.

పరిసరాన్ని సిద్ధం చేయడం

ముందుగా కంప్యూటరులో పైథాన్ ఉన్నదో లేదో, ఉంటే ఏ వెర్షనో చూసుకోవాలి. పైథాన్ 2కు మద్దతు 2020 జనవరి 1తో ముగిసింది కాబట్టి కొత్త పనులన్నిటికీ పైథాన్ 3నే వాడాలి. డెబియన్, ఉబుంటు వంటి లినక్సు పంపకాలలో వెన్వ్ భాగం పైథాన్3-వెన్వ్ అనే వేరే ప్యాకేజీగా ఉంటుంది. దానిని ఆపరేటింగు సిస్టము ప్యాకేజీ మేనేజరు ద్వారా తెచ్చుకోవాలి.

తరువాతి మెట్లు ఈ క్రమంలో ఉంటాయి.

1. ప్రాజెక్టు కోసం ఒక ఫోల్డరు తయారుచేసి, టెర్మినల్‌లో దానిలోనికి ప్రవేశించాలి.

2. పైథాన్ -ఎం వెన్వ్ .వెన్వ్ అనే ఆదేశం ఇవ్వాలి. ఇందులో మొదటి వెన్వ్ సాధనం పేరు, చుక్కతో మొదలయ్యే రెండవది ఏర్పడబోయే ఫోల్డరు పేరు. లినక్సు, మాక్ కంప్యూటర్లలో పైథాన్‌కు బదులు పైథాన్3 అని టైపు చేయవలసి రావచ్చు.

3. పరిసరాన్ని క్రియాశీలం చేయాలి. లినక్సు, మాక్‌లలో బిన్ అనే ఉపఫోల్డరులోని యాక్టివేట్ ఫైలును సోర్స్ ఆదేశంతో పిలవాలి. విండోసులో స్క్రిప్ట్స్ అనే ఉపఫోల్డరులోని యాక్టివేట్‌ను పిలవాలి. టెర్మినల్ వరుస మొదట్లో పరిసరం పేరు బ్రాకెట్లలో కనబడితే పని సఫలమైనట్లే.

4. పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ అని రాసి, దాని తరువాత కావలసిన ప్యాకేజీ పేరు రాయాలి. కేవలం పిప్ అని కాకుండా ఇలా పైథాన్ ద్వారా పిలిస్తే, ఆ ప్యాకేజీ ఏ పైథాన్‌లోకి వెళుతున్నదో అన్న సందేహం ఉండదు.

5. పని ముగిశాక డీయాక్టివేట్ అనే ఆదేశంతో పరిసరం నుండి బయటకు రావచ్చు.

ప్యాకేజీని ఇన్‌స్టాలు చేసే పేరు, ప్రోగ్రాములో పిలిచే పేరు ఎల్లప్పుడూ ఒకటే కావు. ఉదాహరణకు చిత్రాలను సవరించే ప్యాకేజీని పిల్లో అనే పేరుతో ఇన్‌స్టాలు చేసి, ప్రోగ్రాములో పిఐఎల్ అని పిలవాలి. యంత్ర అభ్యసనానికి వాడే సైకిట్-లెర్న్‌ను ప్రోగ్రాములో ఎస్‌కేలెర్న్ అని పిలుస్తారు. కాబట్టి ఇన్‌స్టాలు చేసే ముందు ఆ ప్రాజెక్టు అధికారిక పత్రాలలో సరైన పేరు చూసుకోవడం మంచిది.

వర్చువల్ ఎన్విరాన్‌మెంటు ఫోల్డరును ఒక చోటి నుండి మరొక చోటికి కదిలించకూడదు. దానిలోని చాలా ఫైళ్లలో ఆ ఫోల్డరు పూర్తి చిరునామా రాసి ఉంటుంది. చోటు మారితే ఆ చిరునామాలు తప్పుతాయి. కాబట్టి మిత్రులకు పెన్ డ్రైవులో ప్రాజెక్టు ఇచ్చేటపుడు ఈ ఫోల్డరును ఇవ్వకుండా, ప్రోగ్రాము ఫైళ్లను, డిపెండెన్సీల జాబితాను మాత్రమే ఇవ్వాలి. గిట్ భాండాగారంలో కూడా ఈ ఫోల్డరును చేర్చరు. పరిసరం పాడైతే దానిని బాగుచేయడం కంటే తొలగించి, జాబితా నుండి తిరిగి ఏర్పరచుకోవడమే సులభం.

డిపెండెన్సీల జాబితా

జాబితాను రాయడానికి బహుకాలంగా వాడుకలో ఉన్న ఫైలు రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ. ఇది సాదా పాఠ్యం. వరుసకు ఒక ప్యాకేజీ పేరు, దాని పక్కన వెర్షను నియమం ఉంటాయి. ఈ ఫైలు చేతిలో ఉంటే, పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టీఎక్స్‌టీ అనే ఒక్క ఆదేశంతో అన్నిటినీ ఇన్‌స్టాలు చేయవచ్చు.

వెర్షను నియమాలలో ముఖ్యమైనవి ఇవి.

== గుర్తు ఉంటే సరిగ్గా ఆ వెర్షనే కావాలని అర్థం.

>= గుర్తు ఉంటే ఆ వెర్షను గానీ, దాని తరువాతిది గానీ కావచ్చు.

~= గుర్తు ఉంటే చివరి అంకె మాత్రమే పెరగవచ్చు. ఉదాహరణకు ~=1.4.2 అని రాస్తే 1.4.2, 1.4.9 అంగీకారమే, 1.5 కాదు.

ప్రస్తుత పరిసరంలో ఉన్న ప్యాకేజీలన్నిటినీ వాటి కచ్చితమైన వెర్షన్లతో చూపే ఆదేశం పిప్ ఫ్రీజ్. దీని ఫలితాన్ని ఫైలులో భద్రపరిస్తే జాబితా తయారైనట్లే. అయితే ఇందులో ఒక లోపం ఉన్నది. మనం కోరి తెచ్చుకున్న ప్యాకేజీలేవో, వాటి వెంట వచ్చినవేవో ఈ జాబితా చెప్పదు. అందుచేత చాలామంది రెండు ఫైళ్లు ఉంచుకుంటారు. మొదటిదానిలో తాము నేరుగా వాడే ప్యాకేజీలను సడలింపుతో కూడిన నియమాలతో రాస్తారు. రెండవదానిలో కచ్చితమైన వెర్షన్లన్నీ ఉంటాయి. ఈ రెండవదానిని లాక్ ఫైలు అంటారు.

కాలక్రమంలో ప్రాజెక్టు వివరాలన్నిటికీ పైప్రాజెక్ట్.టామ్ల్ అనే ఫైలు ప్రామాణికమైంది. దీనిని 2016లో ప్రతిపాదించగా, ప్రాజెక్టు పేరు, డిపెండెన్సీలు మొదలైన వాటిని దీనిలో రాసే పద్ధతికి 2020లో ఆమోదం లభించింది. లాక్ ఫైళ్లకు ఒక ఉమ్మడి ప్రమాణం 2025 మార్చిలో ఆమోదం పొందింది.

ఇంటర్నెట్ సరిగా అందని చోట మరొక పద్ధతి ఉపయోగపడుతుంది. నెట్ ఉన్న కంప్యూటరులో పిప్ డౌన్‌లోడ్ ఆదేశంతో ప్యాకేజీలన్నిటినీ ఒక ఫోల్డరులోకి దించుకోవాలి. ఆ ఫోల్డరును ఇతర కంప్యూటర్లకు తీసుకెళ్లి, ఇండెక్సును సంప్రదించవద్దని, ఆ ఫోల్డరులోనే వెతకమని పిప్‌కు చెప్పి ఇన్‌స్టాలు చేయవచ్చు. ప్రయోగశాలలోని అన్ని కంప్యూటర్లూ ఒకే ప్యాకేజీని మళ్లీ మళ్లీ దించుకోవలసిన అవసరం దీనితో తప్పుతుంది. రెండు చోట్ల ఆపరేటింగు సిస్టము, పైథాన్ వెర్షను ఒకటే ఉండేలా చూసుకోవాలి.

సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు

కంపైలరు లేదన్న సందేశం. నమ్‌పై వంటి లైబ్రరీలలో కొంత భాగం సీ భాషలో రాసి ఉంటుంది. వీటిని ముందే కంపైలు చేసి పంచే పొట్లాన్ని వీల్ అంటారు. వీల్ పేరులోనే అది ఏ పైథాన్ వెర్షనుకు, ఏ ఆపరేటింగు సిస్టముకు తగినదో ఉంటుంది. తగిన వీల్ దొరకకపోతే పిప్ మూల ప్రోగ్రామును దించి, మన కంప్యూటరులోనే కంపైలు చేయబోతుంది. విండోసులో అందుకు తగిన కంపైలరు లేకపోతే పొడవాటి ఎర్రని సందేశంతో ఆగిపోతుంది. పైథాన్ కొత్త వెర్షను విడుదలైన తొలి రోజులలో ఇది ఎక్కువగా జరుగుతుంది. అటువంటప్పుడు కంపైలరు కోసం తిరగడం కంటే, ఒక మెట్టు పాత పైథాన్ వెర్షనుతో పరిసరం ఏర్పరచుకోవడం సులభమైన మార్గం.

బయటి నిర్వహణలో ఉన్న పరిసరం అన్న సందేశం. లినక్సులోని కొన్ని సాధనాలు పైథాన్‌లో రాసి ఉంటాయి. సిస్టము పైథాన్‌లోకి పిప్‌తో లైబ్రరీలు చేర్చినట్లయితే ఆ సాధనాలే దెబ్బతినవచ్చు. దీనిని నివారించడానికి 2023లో వచ్చిన డెబియన్ 12తో సహా పలు పంపకాలలో పిప్‌ను అక్కడ పనిచేయకుండా ఆపారు. ఈ అడ్డును బలవంతంగా దాటించే మార్గం ఉన్నప్పటికీ, వర్చువల్ ఎన్విరాన్‌మెంటు ఏర్పరచుకోవడమే సరైన పరిష్కారం.

పవర్‌షెల్ అనుమతి నిరాకరణ. విండోసు పవర్‌షెల్‌లో యాక్టివేట్ స్క్రిప్టు నడవడానికి అనుమతి లేదని సందేశం రావచ్చు. ప్రస్తుత వాడుకరికి మాత్రమే వర్తించేలా స్క్రిప్టుల విధానాన్ని రిమోట్‌సైన్డ్‌గా మారిస్తే ఇది తొలగుతుంది. సాధారణ కమాండ్ ప్రాంప్ట్‌ను వాడినా సరిపోతుంది.

తెలుగు పాఠ్యంతో పనిచేసేటపుడు

పైథాన్ 3లో అక్షరమాలలన్నీ యూనికోడులోనే ఉంటాయి. మూల ఫైళ్లు అప్రమేయంగా యూటీఎఫ్-8గా పరిగణించబడతాయి. కాబట్టి ప్రోగ్రాములో తెలుగు వాక్యాలను నేరుగా రాయవచ్చు. అయితే ఫైళ్లను తెరిచేటపుడు పరిస్థితి వేరు. వాడుకలో ఉన్న అనేక వెర్షన్లలో, ఎన్‌కోడింగు పేర్కొనకపోతే పైథాన్ ఆపరేటింగు సిస్టము అమరికను అనుసరిస్తుంది. లినక్సులో అది సాధారణంగా యూటీఎఫ్-8 కాగా, విండోసులో తరచుగా వేరేది. ఈ కారణంగా లినక్సులో తెలుగు ఫైలును చదివిన ప్రోగ్రామే విండోసులో విఫలం కావచ్చు, లేదా అక్షరాలను చిందరవందరగా చూపవచ్చు. ఫైలు తెరిచే ప్రతి చోట యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడం దీనికి శాశ్వత పరిష్కారం. పైథాన్‌యూటీఎఫ్8 అనే పరిసర చరరాశికి 1 విలువ ఇచ్చినా, పైథాన్ 3.7 నుండి ఈ ఫలితం లభిస్తుంది. డిపెండెన్సీలు సరిపోయినంత మాత్రాన పరిసరాలు ఒకటి కావని ఇది తెలుపుతున్నది.

భద్రత

పిప్ ఇన్‌స్టాల్ ఆదేశం ఇవ్వడమంటే, ముఖపరిచయం లేని వ్యక్తి రాసిన ప్రోగ్రామును మన కంప్యూటరులో నడవనివ్వడమే. మూల రూపంలో ఉన్న ప్యాకేజీ ఇన్‌స్టాలు అవుతున్నపుడే తనలోని ఆదేశాలను నడపగలదు. పైపీఐలోకి చేరే ప్యాకేజీలను ముందుగా ఎవరూ పరిశీలించి ఆమోదించరు. వర్చువల్ ఎన్విరాన్‌మెంటు లైబ్రరీలను వేరు చేస్తుందే గానీ, హానికర ప్రోగ్రామును బంధించి ఉంచదు. అది వాడుకరి ఫైళ్లన్నిటినీ చదవగలదు.

ప్రసిద్ధ ప్యాకేజీ పేరును పోలిన పేరుతో హానికర ప్యాకేజీని ఎక్కించడం ఒక మోసపు పద్ధతి. 2017లో స్లొవేకియా జాతీయ భద్రతా కార్యాలయం పైపీఐలో ఇటువంటి ప్యాకేజీలను గుర్తించి ప్రకటించింది. యూఆర్ఎల్‌లిబ్3 అనే ప్రసిద్ధ ప్యాకేజీ పేరులో ఒక్క అక్షరం తగ్గించిన పేరు వాటిలో ఒకటి. 2022 డిసెంబరు చివరి వారంలో మరొక సంఘటన జరిగింది. పైటార్చ్ ప్రయోగాత్మక విడుదలలు టార్చ్‌ట్రైటన్ అనే డిపెండెన్సీని తమ సొంత ఇండెక్సు నుండి తెచ్చుకునేవి. అదే పేరుతో ఎవరో పైపీఐలో హానికర ప్యాకేజీని ఎక్కించారు. పిప్ పైపీఐలోని దానినే ఎంచుకోవడంతో, ఆ రోజులలో లినక్సులో ఇన్‌స్టాలు చేసుకున్నవారి రహస్య తాళాల వంటి ఫైళ్లు బయటకు పోయే ప్రమాదం ఏర్పడింది. పైటార్చ్ బృందం వాడుకరులను హెచ్చరించి, ఆ డిపెండెన్సీ పేరు మార్చింది.

ఇటువంటి ముప్పును తగ్గించడానికి పైపీఐ 2024 జనవరి 1 నుండి ప్యాకేజీలు నిర్వహించే వారందరికీ రెండంచెల ధ్రువీకరణను తప్పనిసరి చేసింది. వాడుకరులు తమ వంతుగా ప్యాకేజీ పేరును అధికారిక పత్రాల నుండి తీసుకోవాలి. వెర్షన్లను కచ్చితంగా నమోదు చేయాలి. పిప్‌కు ప్రతి ప్యాకేజీ హాష్ విలువను కూడా జాబితాలో ఇవ్వవచ్చు. దించిన ఫైలు హాష్ సరిపోలకపోతే పిప్ దానిని తిరస్కరిస్తుంది. అడ్మినిస్ట్రేటరు అధికారంతో పిప్‌ను నడపకపోవడం ఉత్తమం. కచ్చితమైన వెర్షన్లు రాసుకొని వాటిని సంవత్సరాల తరబడి మార్చకపోవడం కూడా ప్రమాదమే, ఎందుకంటే భద్రతా సవరణలు కొత్త వెర్షన్లలోనే వస్తాయి.

పరిమితులు, ఇతర సాధనాలు

పైథాన్‌కు వెలుపల ఉన్న సాఫ్టువేరును వర్చువల్ ఎన్విరాన్‌మెంటు అందించదు. ఉదాహరణకు ముద్రిత తెలుగు పుటల చిత్రాల నుండి అక్షరాలను గుర్తించాలనుకుంటే పైటెసరాక్ట్ ప్యాకేజీని పిప్‌తో ఇన్‌స్టాలు చేయవచ్చు. కానీ అది టెసరాక్ట్ అనే వేరొక ప్రోగ్రామును పిలిచే వారధి మాత్రమే. టెసరాక్ట్‌ను, దానికి సంబంధించిన తెలుగు దత్తాంశ ఫైలును విడిగా ఇన్‌స్టాలు చేయాలి. ఇటువంటి అవసరాలను జాబితా ఫైలు చెప్పలేదు కాబట్టి, వాటిని ప్రాజెక్టు రీడ్‌మీ ఫైలులో రాసి ఉంచాలి.

2012లో వచ్చిన కాండా, పైథాన్‌తో పాటు ఇతర భాషల లైబ్రరీలను కూడా నిర్వహించగలదు. అందువలన శాస్త్ర సాంకేతిక రంగాలలో దీని వాడకం ఎక్కువ. పొయెట్రీ అనే సాధనం పరిసరాన్ని, జాబితాను, లాక్ ఫైలును కలిపి నిర్వహిస్తుంది. 2024లో వెలువడిన యూవీ రస్ట్ భాషలో రాయబడి, ఈ పనులను చాలా వేగంగా చేస్తుంది. ఆపరేటింగు సిస్టము లైబ్రరీలతో సహా అన్నిటినీ కలిపి పంచవలసి వస్తే, 2013లో విడుదలైన డాకర్ వంటి కంటెయినరు సాధనాలను వాడతారు.

సాధనం ఏదైనా సూత్రం మాత్రం ఒకటే. ప్రాజెక్టుకు ఒక పరిసరం ఉండాలి, దానిని మళ్లీ ఏర్పరచడానికి కావలసిన వివరాలన్నీ ప్రాజెక్టుతో పాటే ఉండాలి. ప్రాజెక్టును ఇతరులకు ఇచ్చే ముందు ఖాళీ ఫోల్డరులో కొత్త పరిసరం ఏర్పరచి, జాబితా నుండి అన్నిటినీ ఇన్‌స్టాలు చేసి, ప్రోగ్రామును ఒకసారి నడిపి చూడాలి. జాబితాలో ఏదైనా తప్పిపోయి ఉంటే ఈ పరీక్షలోనే బయటపడుతుంది.